అతుకు లేని బతుకు

నా కడుపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865' అని అచ్చు గుద్ది ఉంటుంది. చదివినవాళ్లందరూ నాకు నూటయాభై ఏళ్లు దాటాయని లెక్కగట్టి, రెండు చేతులతో పట్టుకుని మరీ మర్యాద చేస్తారు. దక్కిన మర్యాదను కాదనడం నాకూ ఇష్టం లేదు. కానీ 1865 నేను పుట్టిన ఏడు కాదు, మా కార్ఖానా పుట్టిన ఏడు. మంగుళూరులో నేత్రావతి నది దగ్గర, జెప్పు అనే చోట, జార్జ్ ప్లెబ్స్ట్ అనే జర్మన్ మిషనరీ దాన్ని మొదలుపెట్టాడు. ఆ తర్వాత అక్కడ అచ్చులోంచి ఊడిపడిన పెంకులు ఆ సంవత్సరాన్నే కడుపున మోస్తూ బర్మాకు, సింహళానికి, తూర్పు ఆఫ్రికాకు ఓడలెక్కాయి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ మిషన్ కార్ఖానాలను శత్రువుల ఆస్తి కింద జమకట్టారు, చివరికవి కామన్వెల్త్ ట్రస్ట్ చేతికి పోయాయి. పాత పేరే మోస్తున్నాను కాబట్టి యుద్ధానికి ముందుదాన్నే అయి ఉండాలి. అంతకన్నా నిక్కచ్చిగా వయసు అడగడం మర్యాద కాదు.

నదిమట్టిని తడిపి మాగబెట్టి, మరలో మెదిపి, ఇనుప అచ్చులో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే నా ఒళ్లు తయారయింది. నీడన ఆరబెట్టి ఆవంలో కాల్చారు. మట్టిలోని ఇనుము వల్ల ఎర్రబడ్డాను. నా ఒంట్లో అందం కోసం పెట్టిన గీత ఒక్కటీ లేదు. ఒక అంచున గాడి, రెండో అంచున ఆ గాడిలో కూర్చునే గట్టు. కింద రెండు చెవులు, కొయ్య పట్టీకి తగులుకోవడానికి. పై పెంకు అడుగు నా తల మీద, నా అడుగు కింది పెంకు తల మీద. కుమ్మరి సారె మీద చేసే గూన పెంకుకు ఈ కీలకం లేదు, పిల్లి పరిగెత్తినా అది జరిగిపోతుంది, ఏటా వానలకు ముందు ఇంటికప్పు మళ్లీ సర్దాల్సిందే. మమ్మల్ని ఒక్కసారి వరసగా పేరిస్తే చాలు. సున్నం అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, మేకు అక్కర్లేదు. నా కథంతా ఈ 'అక్కర్లేదు' మీదే నడిచింది.

సికింద్రాబాదుకు నేనెలా వచ్చానో వివరాలు చెప్పను. గడ్డి మధ్య చీకట్లో పడుకుని వచ్చినదానికి దారి ఎలా తెలుస్తుంది? 1874లోనే వాడి అనే ఊరి నుంచి ఇక్కడికి నిజాం రైలు దారి పడింది కాబట్టి చివరి మజిలీ రైలు మీదే అయి ఉంటుంది. దిగిన చోటు రెజిమెంటల్ బజార్, స్టేషన్‌కు కూతవేటు దూరం. మూడో నిజాం సికందర్ జా పేరున 1806లో ఈ ఊరు వెలిసింది, ఊరి పొట్ట నింపింది మాత్రం దండు. దండుకు ఉప్పూ పప్పూ అమ్మేవాళ్లు, గుర్రాలకు నాడాలు కొట్టేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు ఈ బజార్ల చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పటికీ పాతవాళ్ల నోట ఇది లష్కరే. అలాంటి ఒక ఇంటి మీద, నడికొప్పుకు మూడో వరసలో నాకు జాగా దొరికింది. మంచి టేకు వాసాలు, మంచి టేకు పట్టీలు. కింద రెండు మూడు తరాల సంసారం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు ఎక్కడో ఉంటారంటారు, నేను పైనుంచి వాళ్లను కళ్లారా చూశాను, ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

ఇంటికప్పుల చరిత్ర తెలుసుకోవాలంటే ఇంటికప్పు మీదే ఉండాలి. 1897లో క్లాక్ టవర్ మొదలయినప్పుడు దాని చుట్టూ ఎక్కడ చూసినా వాలు కప్పులేనని నాకన్నా పెద్ద పెంకులు చెప్పేవి. 1946లో సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ పుట్టాక మా గల్లీలో ఒక్కో కప్పూ బూడిద రంగుకు తిరగడం మొదలయింది. రేకు అంటే సిమెంటులో ఆస్బెస్టాస్ నార కలిపిన అలల పలక. నాలుగు రేకులేస్తే గది. పేదవాడికి ఒక్కరోజులో నీడనిచ్చిన వస్తువు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే వేసవిలో కింద మనిషి ఉడుకుతాడు, వాన పడితే పక్కవాడి మాట వినిపించదు. కోసినప్పుడూ పొక్కలు చేసినప్పుడూ లేచే నార దుమ్ము కాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఆ తర్వాత స్లాబులొచ్చాయి. స్లాబు వచ్చిందంటే ఇల్లు పైకి పెరగొచ్చనే ఆశ కూడా వచ్చిందన్నమాట. ఆ ఆశ ముందు పెంకు ఏపాటి!

చివరికి మా ఇల్లూ వాటాలైంది. అన్నదమ్ములు పంచుకున్నారు, ఇద్దరు అమ్ముకున్నారు. కూల్చే రోజు వచ్చినప్పుడు టేకు వాసాలకు ముందే బేరం కుదిరిపోయింది. ఎదురుగా ఉన్న డాబా ఇల్లు కూడా అప్పుడే కూలింది. సుత్తి దెబ్బలకు స్లాబు నానా తిప్పలు పెట్టి, ఇనుప కడ్డీలు వదిలి, మిగతాదంతా రబ్బిష్‌గా లారీలెక్కింది. మమ్మల్ని మాత్రం ఒక మనిషి పైకెక్కి, ఒక్కొక్కదాన్నీ కాస్త ఎత్తి, వెనక్కి లాగి, కింది మనిషికి అందించాడు. వందేళ్లకు పైగా ఉన్న కప్పు పొద్దుగుంకేలోపు గోడవారన వరసలుగా నిలబడింది. నన్ను ఎవరూ దేనికీ అతికించలేదు, అందుకే ముక్కలు కాకుండా దిగాను. పెంకుల్లో చాలామటుకు ఊరి బయట ఫాంహౌసులకూ దాబా హోటళ్లకూ అమ్ముడుపోయాయి. అక్కడ వాటి కింద సిమెంటు స్లాబు ఉంటుంది, పైన పెంకును సోకు కోసం సిమెంటుతో అంటిస్తారు. ఆ బంధువులను తలచుకుంటే జాలేస్తుంది, ఇక వాళ్లను దింపడమంటూ ఉండదు, పగలగొట్టడమే.

చిన్న తమ్ముడి వాటా 23 గజాలు. తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల పొడుగు, అటూ ఇటూ పరాయి గోడలు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి దిగిపోయిన మనిషి. నిజాం కాలంలో, 1893లో మొదలైన వర్క్‌షాప్ అది. చుట్టాలందరూ అమ్మెయ్యమన్నారు. "ఇరవై మూడు గజాల్ల ఇల్లేంది? కారు గూడ పట్టది." ఆయన పెద్దగా జవాబు చెప్పే రకం కాదు. టేపు తీసి జాగా కొలిచి, కాగితం మీద ఏదో రాసుకుని, మా దగ్గరికొచ్చి ఒక పెంకును ఎత్తి బరువు చూశాడు. అదే జవాబు.

ఆయన బిడ్డ చదువుకున్నది, ఫోన్లో వెతికి సంగతులు చెప్పేది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో, ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా, కింద ఒకటి పైన ఒకటి కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్లో నమోదు చేసుకుని ఒక్క రూపాయి కడితే చాలు. "రూపాయికి ఏమొస్తది, చాక్లెట్ గూడ రాదు" అని వాళ్లమ్మ నమ్మలేదు. జాతీయ భవన నియమావళిలో ఒంటిగదికి కనీసం తొమ్మిదిన్నర చదరపు మీటర్లు, 2.4 మీటర్ల వెడల్పు ఉండాలట. తొమ్మిదంగుళాల గోడలు రెండు పోగా మాకు మిగిలింది ఎనిమిదడుగులు, అంటే 2.44 మీటర్లు. నియమావళి మీద నాలుగు సెంటీమీటర్లతో గెలిచాం. కరీంనగర్ దగ్గర బొమ్మకల్‌కు చెందిన పేరాల మానస రెడ్డి అనే అమ్మాయి, హాంకాంగ్‌లో జేమ్స్ లా చేసిన గొట్టపుటింటిని చూసి, పెద్ద సిమెంటు తూములో ఇల్లు అమర్చిన సంగతి కూడా ఆ బిడ్డే చదివి వినిపించింది. అమెరికాలో 400 చదరపు అడుగుల లోపుంటే చిన్న ఇల్లు కింద లెక్కట. వాళ్లమ్మ బియ్యం చెరుగుతూనే అన్నది: "నాలుగు నూర్లా? అండ్ల మనిండ్లు రెండు పడ్తయి గదనే."

స్లాబు వెయ్యమని చెప్పనివాడు లేడు. రేపు పైన ఇంకో గది వేసుకోవచ్చు, వడియాలు పెట్టుకోవచ్చు, నీళ్ల ట్యాంకు పెట్టుకోవచ్చు. ఇవన్నీ నిజమే. కానీ ఆయన తవ్వి చూస్తే పాత ఇంటి రాతి పునాది చెక్కుచెదరకుండా ఉంది, దాన్ని వాడుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు మూడు వందల కిలోలు దాటుతుంది. మేము చదరపు మీటరుకు పదిహేను పెంకులం, ఒక్కోటి రెండున్నర కిలోలకు అటూ ఇటూ, మొత్తం నలభై కిలోల దగ్గర. పాత పునాదికి తెలిసిన బరువు మాదే. పైగా స్లాబుకు సెంట్రింగ్ కావాలి, పదిమంది కూలీలు ఒకే రోజు కావాలి, కంకర మర కావాలి, ఆ గల్లీలోకి ఆటో రావడమే గండం. పెంకును మనిషి తన తీరిక కొద్దీ పేర్చుకోవచ్చు. తనే కట్టుకోవాలనుకున్నవాడికి ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం.

ముగ్గు పోసిన రోజు దోస్తు మేస్త్రి వచ్చాడు. ఆదివారాలు వచ్చి చూసి, తప్పుంటే తిట్టి పోవాలన్నది వాళ్లిద్దరి ఒప్పందం. మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక పక్క మూడడుగులు, ఒక పక్క నాలుగడుగులు కొలిచి, ఎదురు గీత ఐదు వచ్చిందా అని చూశారు. అక్కడి నుంచి ఇటుక వరసలు. గోడకు దారం కట్టి, ప్రతి వరసకూ గుండు వదిలి, రసమట్టం పెట్టి, ఫిట్టర్ కన్నుతో చూసేవాడు మా ఇంటాయన. ఇటుక ఇటుకకూ ఇంత సేపా అని మేస్త్రికి చిరాకు.

"గిది రైలు డబ్బా గాదన్నా, ఇటుక గోడ. దారమంత అటిటయినా నిలబడ్తది."

"గోడ నిలబడ్తది తమ్మీ. మీద పెంకు కూసోదు."

ఆ మాట విన్నాక మనిషి మీద నాకు గురి కుదిరింది.

అసలు గొడవ కప్పు వాలు ఏ దిక్కుకన్న దగ్గర వచ్చింది. ఇల్లు పొడుగ్గా ఉంటే కొప్పు కూడా పొడుగునే పోవాలి, వాలు అటూ ఇటూ ఉండాలి, ఇది అలవాటు. కానీ అటూ ఇటూ పరాయి గోడలు. వాన నీళ్లన్నీ వాటి మీదికే. కుడిపక్క ఇంటావిడ ముందే కేక వేసింది. ఆయన రెండు రోజులు కాగితం ముందు కూర్చుని కొప్పును అడ్డంగా తిప్పాడు. ఎనిమిదడుగుల వెడల్పే కదా, ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి ఇనుప పెట్టె పైపులు వేస్తే చాలు. వాలు ముందుకీ వెనక్కీ. ముందు నీళ్లు తన గడప ముందు, వెనక నీళ్లు తను వదిలిన సందులో. రెండడుగులకు ఒకడుగు చొప్పున వాలు. ఇంకో లాభమేమంటే, కప్పు బరువు అడ్డ పైపుల ద్వారా పక్కగోడల మీదికి నేరుగా కిందికి దిగుతుంది. వాసాలు రెండు వైపుల నుంచి వాలి గోడలను బయటికి తొయ్యడమన్న బెడద లేదు. పొట్టి పైపు వంగదు కూడా. ఇరుకు జాగా శాపమనుకున్నారు, కప్పు దగ్గరికొచ్చేసరికి అదే కలిసొచ్చింది.

పెంకులు ఏరడం మాత్రం వాళ్లావిడ పని. ఇనుప బ్రష్షుతో పాచి గీకి, నీళ్లతో కడిగి, వేలి కణుపుతో ఒక్కోదాన్నీ కొట్టి చూసేది. ఖంగుమంటే ఇటు, దబ్బుమంటే అటు. దబ్బుమన్నదాంట్లో కంటికి కనపడని పగులుంటుంది. నేను ఖంగుమన్నాను, అది వేరే చెప్పాలా. ఆ తర్వాత అచ్చు చూసి వేరుచెయ్యడం. వందేళ్లలో పగిలినవాటి బదులు వేరే కార్ఖానాల పెంకులు చాలా వచ్చి చేరాయి. చూడ్డానికి అందరం ఒకే పొడుగు, కానీ ఒకరి గాడి ఇంకొకరి గట్టుకు నూలుపోగంత తేడా. ఒక్క జతలో తెలియదు. వరసంతా పోయేసరికి ఆ నూలుపోగులన్నీ కలిసి బొటనవేలంత సందు అవుతుంది. అందుకని మా కార్ఖానావాళ్లం వెనక వాలుకూ, మిగతావాళ్లు ముందు వాలుకూ. మొత్తం మూడు వందల లోపే సరిపోయాం. అద్దం పెంకులు రెండు కొని తెచ్చారు, వెలుతురుకు.

పట్టీల దూరం దగ్గర ఆయన ఎవరి మాటా వినలేదు. పుస్తకంలో ఉన్న కొలత పక్కన పెట్టి, మాలో పన్నెండు మందిని నేల మీద వరసగా కొలువు చేయించి, ఒకసారి దగ్గరికి నొక్కి, ఒకసారి దూరంగా లాగి, ఆ రెండు కొలతల నడిమిది తీసుకున్నాడు. దానికి సరిపడా ఒక కర్ర కోసుకుని, ప్రతి పట్టీకీ ఆ కర్ర పెట్టి వెల్డింగ్ చేశాడు. పట్టీలు దూరమైతే నా చెవి అందదు, దగ్గరైతే నా తోక లేచి గాలి దూరుతుంది. చూరు దగ్గరి వరసను మాత్రం బైండింగ్ వైరుతో కట్టాడు, గాలి అక్కడి నుంచే ఎత్తుతుంది కాబట్టి. మిగతావాళ్లం మా బరువు మీద మేం కూర్చున్నాం. టేకు మీద బతికినదానికి ఇనుప పట్టీ మొదట్లో గిట్టలేదు, మధ్యాహ్నం కాలుతుంది, రాత్రి చల్లబడి టకటకమంటుంది. ఇప్పుడు అలవాటైంది. కొప్పు పెంకులకొక్కటే సిమెంటు వాడారు, అక్కడ తప్పదు.

జ్యేష్ఠం ముగుస్తుండగా కప్పు పూర్తయింది. అటక మీద పరుపు వేసుకుని రేపే చేరిపోదామన్నాడాయన. "ఆషాఢంల ఇల్లు జొచ్చుతరా ఎవలన్న?" అని వాళ్లావిడ తాళం తన కొంగున ముడేసుకుంది. అలా ఒక నెలపాటు, కింద మనిషి లేకుండా మేం వానలో తడిశాం. మహంకాళి జాతర వచ్చింది. దండులో డోలీ మోసే సూరిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో నిలబెట్టిన అమ్మవారు. బోనాల ఆదివారం జనరల్ బజార్ దాకా జనం కిక్కిరిసిపోయారు. ఆ ఆదివారమే మాకు అసలైన వాన తగిలింది.

ఆయన తాళం అడిగి తీసుకుని లోపలికి వచ్చి చూశాడు. పెంకుల మధ్య చుక్క లేదు. కుడి గోడ వెంట మాత్రం ధార. పక్కింటి గోడ మాకన్నా ఎత్తు. దాని ఒంటి మీంచి జారిన నీరు, ఆ గోడకూ మాకూ మధ్య ఉన్న సన్న గీతలో దూరింది. మేస్త్రి అక్కడ సిమెంటు పూసి మూసేశాడు, అది ఎండకు ఒకలాగా ఇనుము ఒకలాగా కదిలి, వారానికే వెంట్రుకంత పగిలింది. మళ్లీ పూస్తానన్నాడు మేస్త్రి. ఆయన వద్దన్నాడు. జింకు పూసిన రేకును ఎల్ ఆకారంలో వంచాడు. ఒక రెక్క మా మీదుగా పడుకుంటుంది, ఇంకో రెక్క గోడ వెంట నిలబడి, పై అంచు గోడలోని గాడిలోకి దూరుతుంది. రేకు మా మీద ఊరికే ఆనుతుంది. మేం కదిలితే కదలనీ. అయితే ఆ గాడి తియ్యాల్సింది పక్కింటి గోడకు.

"మా గోడకు పొక్కలు గొడ్తరా?" అన్నది పక్కింటావిడ.

"పొక్కలు గాదు వదినే, సన్నగ గాడి. మీ గోడ మీంచి కారే నీళ్లే ఇయ్యి. గాడి తీసినంక పైనంత నేనే మంచిగ పూసిస్త, సున్నం గూడ ఏస్త."

"రెండు గోడలకు ఏస్తవా?"

"ఏస్త."

అలా ఒక రేకుముక్క కోసం ఆయన పక్కింటి గోడలు రెండు సున్నం కొట్టాడు. నా లెక్కలో బేరం గిట్టింది.

శ్రావణంలో పాలు పొంగించారు. పొంగిన పాల ఆవిరి మా సందుల్లోంచి బయటికి పోయింది. వేసవిలో వేడిగాలి కూడా ఆ దారినే పోతుంది, స్లాబు కింద ఆ సదుపాయం లేదు. లోపల అటక మీద రెండు పరుపులు, కింద వంటగట్టు, ఒక మూల స్నానాలగది. బిడ్డ చదువుకునే బల్ల అద్దం పెంకు కింద. బట్టలు ఆరేసుకోవడానికి డాబా లేదన్న సణుగుడు మాత్రం రోజూ వినాల్సిందే, అందులో న్యాయముంది.

ఇక కోతులు. స్టేషన్ వైపు నుంచి గుంపుగా వస్తాయి. ఒక గండు కోతి గోడ మీంచి మా మీదికి దూకి నా ఎడమపక్క పెంకును రెండు చేసింది. ఆయన పైకెక్కలేదు. అటక మీద నిలబడి, లోపలి నుంచే నన్ను కాస్త పైకెత్తి పట్టుకుని, పగిలినదాన్ని కిందికి లాక్కుని, కొత్తదాన్ని జొనిపి, మళ్లీ నన్ను దాని మీద దింపాడు. వాళ్లావిడ కింద అన్నం వడ్డించే లోపు అయిపోయింది. మా కార్ఖానా పెంకులు మిగల్లేదు కాబట్టి వేరే అచ్చుదాన్ని పెట్టాడు, దాని గట్టు నా గాడిలో సరిగ్గా కూర్చోక కాస్త ఎత్తుగా నిలబడింది. వాన మాత్రం దిగడం లేదు. దానికీ నాకూ ఇంకా మాటల్లేవు.